గచ్చులోకి దిగినవాళ్ళు

పొద్దున లేవగానే టైలరమ్మ కొట్టు తలుపు తీసేది, మిషను మీది గుడ్డ తీసేది, సొరుగులో ఉన్న దగ్గుమందు సీసా మూత తీసేది. ఆ మూడోది అయితే గాని చేతివేళ్ళు మాట వినేవి కావు. సూది బెజ్జం ఒకచోట, దారం ఒకచోట, రెంటికీ మధ్య ఏడేడు సముద్రాలు. రెండు గుక్కలు పడ్డాక దారం బుద్ధిగా వెళ్ళి బెజ్జంలో దూరేది. ఆ సీసాలో ఉన్నది దగ్గుమందు కాదని వేరే చెప్పక్కర్లేదు. మిషను నూనె వాసన ఉన్నంతకాలం ఆ కొట్లో ఇంకే వాసనా ఎవరి ముక్కుకీ తగలదు.

తర్వాత అద్దం ముందు నిలబడి తన లంగా అంచు చూసుకునేది. అంచు నేలకి తాకీ తాకనట్టుండాలి. నేల మీద పరుచుకుందా, ఇంకాస్త దిగిందన్నమాట. అప్పుడు లంగా విప్పి, కింద మరో వేలెడు కత్తిరించి, మడిచి కుట్టుకునేది. ఆ పీలికలు పారెయ్యడానికి మనసొప్పక స్కూలు పిల్లల యూనిఫారాలకి జేబుల లోపలి గుడ్డగా వేసేది. టైలరమ్మ దిగిన లోతుని ఊళ్ళో సగం మంది పిల్లలు జేబుల్లో వేసుకుని తిరుగుతున్నారని వాళ్ళకేం తెలుసు?

ఆ ఊళ్ళో తాగేవాళ్ళ కాళ్ళ కింద నేల మెత్తబడుతుంది. ముందు అరికాళ్ళు, తర్వాత చీలమండలు, ఆ తర్వాత పిక్కలు. సిమెంటు గచ్చయినా, తారు రోడ్డయినా, బ్యాంకులో పాలరాయయినా ఒకటే. బురదలో నడిచినట్టు కాలు దిగబడుతుంది, కాలు తీశాక గచ్చు మళ్ళీ ఎప్పటిలా కలిసిపోతుంది. నడుం దాటితే ఇక నడక లేదు, ఎక్కడ దిగితే అక్కడే కాపురం. ముక్కు దాటితే మనిషే లేడు. తాగేవాళ్ళకి మేడ మీద వాటాలు ఎవరూ అద్దెకివ్వరు. కింది వాటావాళ్ళ పైకప్పులోంచి కాళ్ళు వేలాడతాయి, వాళ్ళ పిల్లలు పట్టుకుని ఊగుతారు. టైలరమ్మ తమ్ముడు సొంత వంటింట్లోనే పోయాడు. అతను పోయినచోట గచ్చు నున్నగా, చదునుగా ఉంది. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, అతని పెళ్ళాం అక్కడ గ్యాసు సిలిండరు పెట్టుకుంది. చోటు ఊరికే పోనివ్వడం ఎందుకని.

మగాళ్ళు దిగడం ఊరికి అలవాటే. మోకాళ్ళ లోతున ఒకడు రోడ్డు మీద వస్తుంటే జనం పక్కకి తప్పుకుంటారు. "పాపం, ఏం కష్టమొచ్చిందో" అని కూడా అంటారు. ఆడది దిగిందంటే మాత్రం ఆ పాపం కాస్తా పాపిష్టిదైపోతుంది. అందుకని టైలరమ్మ ఎవరైనా "ఏమిటమ్మా, రోజురోజుకీ పొట్టిదానివైపోతున్నావు?" అంటే, "ఎముకలు అరుగుతున్నాయి వదినా, మా వంశంలోనే ఉంది" అనేది. వంశంలో ఉన్నమాట అబద్ధం కాదు.

ఎందుకు మొదలుపెట్టిందంటే కారణాలు కావలసినన్ని. మొగుడు వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకున్నాడు. తమ్ముడు పోయాడు. కానీ మొగుళ్ళు వదిలేసినవాళ్ళూ, తమ్ముళ్ళు పోయినవాళ్ళూ అందరూ తాగుతున్నారా? తాగడానికి కారణం తాగుడే. మిగతావన్నీ దానికి వేసుకున్న లైనింగు.

ఇంట్లో ఉన్నది ఒక్క కూతురు. టెలిఫోను ఆఫీసులో కొత్తగా ఉద్యోగం. చిన్నప్పుడు ఆ పిల్ల అమ్మ భుజం దాకా వచ్చేది, ఇప్పుడు అమ్మే ఆ పిల్ల భుజం దాకా వస్తోంది. ఆఫీసుకి డబ్బా సర్దుకుంటూ గచ్చు వంక ఒకసారి, తల్లి తల వంక ఒకసారి చూసేది. ఒకరోజు డబ్బా మూత బిగిస్తూ, పక్కింటివాళ్ళ సంగతి అడిగినంత మామూలుగా అడిగింది.

"అమ్మా, నువ్వు పోయాక ఆ చోటులో నన్నేం పెట్టుకోమంటావు?"

"నోరు ముయ్యవే! ఎముకలరిగి నేనేడుస్తుంటే..."

"మావయ్య ఎముకలు కూడా అలాగే అరిగాయి" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

టైలరమ్మ ఆ పొద్దున సీసా అడుగు దాకా తాగింది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆమెకి తెలీదు.

అదే రోజు డ్రైవరు భార్య కొట్టుకొచ్చింది. డ్రైవరంటే ఒకప్పుడు బస్సు డ్రైవరు. కాళ్ళు బస్సు అడుగులోంచి దిగి రోడ్డుకి రాసుకుంటున్నాయని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇప్పుడు ఇంట్లోనే, పక్కటెముకల దాకా దిగి ఉన్నాడు.

"మా ఆయనకి చొక్కాలు కుట్టాలి వదినా. కింది సగం వద్దు, గుడ్డ దండగ. పక్కటెముకల దాకా చాలు."

"కొలతలకి మనిషి రావాలి కదా?"

"వచ్చేట్టయితే చంకనేసుకుని రానూ? హాలు మధ్యలో పాతేసినట్టు కూర్చున్నాడు. నువ్వే రా."

ఇంకోరోజైతే పాత చొక్కా తెచ్చి పడెయ్యమనేదే. కానీ సీసా ఖాళీ. మందు కొట్టుకి ఆ రోజు సెలవు. నాలుక అట్టకట్టుకుపోతోంది, వేళ్ళు అప్పుడే వణుకు మొదలుపెట్టాయి. తాగేవాడి ఇంట్లో ఎక్కడో ఒకచోట, బియ్యం డబ్బాలోనో బూటులోనో, ఒక సీసా ఉండక తప్పదు. టైలరమ్మ టేపు మెళ్ళో వేసుకుని బయల్దేరింది. వెళ్ళింది చొక్కాలకి కాదు.

*

ఆ హాలుని చూస్తే ఎవరికైనా ఆ ఇల్లాలి ఓపిక తెలిసిపోతుంది. మొగుడు ఇంకా దిగకుండా మేస్త్రీని పిలిపించి ఆయన చుట్టూ బావికి కట్టినట్టు సిమెంటు గట్టు కట్టించింది. గట్టు కూడా సగం దిగింది. వచ్చినవాళ్ళు ఆయన నెత్తి మీద కూర్చున్నట్టుండకూడదని సోఫా కాళ్ళు రంపంతో కోసేసింది. టీవీ నేల మీద పెట్టింది. ఫాను రెక్కల గాలి అంత కిందికి రాదని అట్టముక్కతో విసిరేది.

"మాట్లాడుతూ ఉండండి, కూరగాయలు తెచ్చుకుంటాను" అని సంచీ పట్టుకుని ఆవిడ వెళ్ళింది.

"చేతులెత్తండి" అంది టైలరమ్మ గొంతుక్కూర్చుని.

"ఎత్తాను. పారిపోతానని భయమా?"

గుబురు మీసాలు, బట్టతల. వెడల్పాటి భుజాలు. అంత పెద్ద మనిషి గట్టు మధ్య పూలకుండీలో మొక్కలా ఉన్నాడు. ఆమె టేపు ఛాతీ చుట్టూ తిప్పింది గాని కళ్ళు సోఫా కిందికీ, టీవీ వెనక్కీ, అలమారా పైకీ తిరుగుతున్నాయి. అంకె చూసింది, మరిచిపోయింది. మళ్ళీ చూసింది, మళ్ళీ మరిచిపోయింది.

"ఎక్కడ పెట్టారు?" నోరు జారింది.

"ఏది?"

"అదే... మీది."

డ్రైవరు ఎత్తిన చేతులు దించాడు. ముక్కు ఒకసారి ఎగబీల్చాడు.

"మిషను నూనె. దాని కింద ఇంకోటి. ఎంత దాకా?"

"ఏమిటి ఎంత దాకా?"

"బస్సు నడిపినవాణ్ణమ్మా. అద్దంలో మొహం చూసి టిక్కెట్టు లేనివాణ్ణి పట్టేసేవాణ్ణి. నా దగ్గర దాచకు. ఎంత దాకా?"

చావడమో, లేచి పారిపోవడమో చెయ్యాలి ఆమె. రెండూ చెయ్యలేదు. ఆ రోజు వణుకు అలాంటిది. లంగా అంచు పట్టుకుని పైకి లేపింది. తల్లి చూడలేదు, కూతురికి చూపించలేదు, ఇప్పుడు ఎవరో పరాయి మగాడికి చూపిస్తోంది. పిక్కల సగం దాకా కాళ్ళు గచ్చులో ఉన్నాయి.

డ్రైవరు తల వంచి చూశాడు. "నేనూ అంతే ఉన్నానొకప్పుడు. బూట్ల మడమలు అరిగాయని చెప్పేవాణ్ణి మా ఆవిడకి."

"నేను ఎముకలంటున్నాను."

"ఎముకలు! బాగుంది. నాకు తట్టనేలేదు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. నవ్వు ఆగాక ఇద్దరికీ మాటలొచ్చాయి. సీసాలు ఎక్కడెక్కడ దాచారో చెప్పుకున్నారు. ఆయన బస్సు టూలుబాక్సులో పానాల మధ్య దాచేవాడు. ఆమె కుట్టడానికిచ్చిన పెళ్ళికూతురి గౌను మడతల్లో దాచి, అది కాస్తా కారితే, గౌనుకి పువ్వులు కుట్టి మరక కప్పేసింది. పెళ్ళికూతురు ఆ పువ్వులకి ముద్దు పెట్టింది. పొద్దున చేతులెలా వణుకుతాయో, వణుకు తగ్గిన క్షణం దేవుడు కనపడ్డట్టు ఎలా ఉంటుందో, ఆ దేవుడే మధ్యాహ్నానికి ఎలా పీక పట్టుకుంటాడో చెప్పుకున్నారు. తాగనివాళ్ళకి ఇది చెబితే "మరి మానెయ్యొచ్చుగా?" అంటారు. నదిలో కొట్టుకుపోతున్నవాడితో "తడవకుండా ఉండొచ్చుగా?" అన్నట్టు.

"ఇవాళ మా అమ్మాయి అడిగింది, నేను పోయాక ఆ చోటులో ఏం పెట్టుకోనని" అంది టైలరమ్మ.

డ్రైవరు అయ్యో అనలేదు. బుద్ధులు చెప్పలేదు. "మా ఆవిడ ఏమీ అడగదు. ఆ సోఫా కాళ్ళు కోసిందే, ఆ రంపం చప్పుడు విన్నప్పుడు చచ్చిపోదామనుకున్నాను. చావడానికి ధైర్యం చాలక తాగాను" అన్నాడు.

కూరగాయల సంచీతో ఆవిడ తిరిగొచ్చేసరికి టైలరమ్మకి తను వెతకడానికి వచ్చిన సంగతే గుర్తులేదు. లేచి గుమ్మం వైపు నడిచింది. టప్పుమని చప్పుడైంది. ఎవరో వెనకాల వస్తున్నారనుకుని తిరిగి చూసింది. ఎవరూ లేరు. అది తన అడుగే, ఆ ఒక్కటీ దిగబడలేదు. తన పాదం నేలకి తగిలిన చప్పుడు ఆమె విని ఎన్నేళ్ళయిందో.

వెనకనించి డ్రైవరు భార్య కేక పెట్టింది. "ఈ గుండీ ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చింది?" గట్టు మీదికి, ఆయన ఒంటిమీది పాత చొక్కాకి మునిగిపోయిన గుండీ ఒకటి, సిమెంటు దుమ్ము కొట్టుకుపోయి, పైకొచ్చి ఉంది.

*

ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళింది, పొడుగు మళ్ళీ కొలవాలన్న వంకతో. ఆ తర్వాత వంక కూడా లేకుండానే. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మందు కోసం నరాలు పీకే ఆ పాడు వేళకి, వెళ్ళి గట్టు పక్కన కూర్చునేది. ఆమె మాట్లాడినంతసేపు ఆయన తాగడు, ఆయన మాట్లాడినంతసేపు ఆమె తాగదు. సాయంత్రమయ్యేది. ఒక రోజు గడిచేది. వాళ్ళకి తెలిసిన విద్య అంతే.

ఒకసారి మాత్రం పొరపాటు చేసింది. "మీ ఆవిడ మొహం చూసైనా మానెయ్యకూడదూ?" అంది పెద్దరికంగా. అంతే, ఇద్దరూ ఒక్కసారి వేలెడు దిగారు.

"ఏం చేశావమ్మా, చక్కగా పోతున్న బండిని!"

"బుద్ధి చెప్పాను."

"బుద్ధులు ఈ ఇంట్లో అటకనిండా ఉన్నాయి. నీ గొడవ చెప్పు."

అదీ అక్కడి పద్ధతి అయింది. ఎవరి లోతు వాళ్ళు చెప్పుకోవాలి. అవతలివాడి లోతు గురించి నోరెత్తకూడదు.

డ్రైవరుకి సూదిమందు వెయ్యడానికొచ్చిన కాంపౌండరు, మోకాళ్ళ దాకా దిగినవాడు, సూది వెయ్యడం మరిచిపోయి కూర్చుండిపోయాడు. అతను లిఫ్టు మెకానిక్కుని వెంటపెట్టుకొచ్చాడు. కోసేసిన సోఫా నిండింది. డ్రైవరు భార్య టీ పెట్టి పెట్టి విసుక్కుంది, విసుక్కుంటూనే కొత్త గిన్నె కొంది. కాంపౌండరు తన ఆసుపత్రి వెనక వరండాలో ఇంకో గుంపుని కూర్చోబెట్టాడు. లిఫ్టు మెకానిక్కు వర్కుషాపులో. పాత డ్రైవరు సంగతి విని బస్సుల వాళ్ళు డిపో నుంచి డిపోకి మోసుకుపోయారు. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో, ఎవరింటి హాల్లోనో, పిక్కల లోతువాళ్ళూ నడుం లోతువాళ్ళూ చుట్టూ కూర్చుని "నేను ఇంత దాకా" అని మొదలుపెట్టడం పరిపాటి అయింది. డాక్టర్లు పట్టుకుని లాగినా, పెళ్ళాలు కాళ్ళు పట్టుకుని ఏడ్చినా పైకి రానివాళ్ళు, సాటి తాగుబోతు తన సొద చెప్పుకుంటుంటే వింటూ వింటూ వేలెడు వేలెడు లేచారు. కొందరు లేవలేదు. కొందరు లేచి మళ్ళీ దిగారు. పోయినవాళ్ళు పోయారు.

వీధి నోరు ఊరుకుంటుందా? ఒకావిడ కొట్టు ముందు నిలబడి, అందరికీ వినపడేటట్టు అంది.

"తాగుబోతు మగాళ్ళ మధ్య కూర్చునే ఆడదాన్ని ఏమంటారో చెప్పమంటావా?"

"చెప్పు వదినా, నీ జాకెట్టు వీపు మీద పెద్ద అక్షరాల్లో కుట్టిపెడతాను. ఊరంతా చదువుకుంటుంది" అంది టైలరమ్మ పళ్ళ మధ్య దారం తెంపుతూ.

ఇంట్లో అడుగుల చప్పుడు మొదలైంది. కూతురు "కాస్త మెల్లిగా నడవవే తల్లీ, ఇల్లు కూలిపోతుంది" అని ఒకరోజు నవ్వింది. టైలరమ్మ తన లంగాలకి కింద గుడ్డ అతికి మళ్ళీ పొడుగు చేసుకుంది. కూతురి చెవి దాకా వచ్చింది.

*

అక్కడితో ఆగితే ఇది మంచి కథ అయ్యేది. కానీ ఆ ఊళ్ళో ఒక ప్లీడరున్నాడు. జన్మలో చుక్క ముట్టనివాడు, కడిగిన పలకలాంటివాడు. మంచిపని ఎక్కడ జరుగుతున్నా దానికి తను అధ్యక్షుడు కాకపోతే ఆయనకి అన్నం సయించదు. ఆయన హాలొకటి మాట్లాడాడు, మైకు పెట్టించాడు, టైలరమ్మని వేదిక మీద కూర్చోబెట్టి "మునిగేవాళ్ళని లేపే మాతృమూర్తి" అన్నాడు. ఆమె సిగ్గుపడింది. రెండోసారి అంత సిగ్గుపడలేదు. మూడోసారి ఆ మాట అనడం ఆయన మరిచిపోతే ఆమెకి కోపం వచ్చింది.

జనం మొగుళ్ళని తీసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టేవారు. ఆమె వాళ్ళ భుజాల మీద చెయ్యేసి "పట్టుదల ఉండాలి నాయనా" అనేది. మైకు ముందు తన గొడవ చెప్పడం మానేసింది, డ్రైవరు గొడవ చెప్పడం మొదలుపెట్టింది. పక్కటెముకల దాకా దిగినవాణ్ణి నడుం దాకా ఎలా లేపిందో వినిపించేది. చప్పట్లు కొట్టేవారు. డ్రైవరింటికి వెళ్ళడానికి తీరిక చిక్కేది కాదు. వెళ్ళినా గుమ్మంలోంచే "ఎలా ఉన్నారన్నయ్యగారూ? ఇంకాస్త ప్రయత్నం చెయ్యాలి మరి" అనేది. ఆయన తలూపేవాడు. మిగతావాళ్ళు కూడా వచ్చి ఆయన్ని చూసి పోయేవారు, ఆసుపత్రిలో రోగిని చూసినట్టు. పళ్ళు తెచ్చేవారు. ఆయన్ని ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. అసలు లేవవలసినవాడు ఆయనే కదా, ఆయన్ని అడగడానికేముంది?

ఒక సాయంత్రం వేదిక మెట్లెక్కుతుంటే టైలరమ్మ అడుగు చప్పుడు కాలేదు.

కిందికి చూసుకుంది. లంగా అంచు చెక్కల మీద పరుచుకుంది. ప్లీడరు మైకులో ఆమె పేరు చదువుతున్నాడు. నవ్వు మొహం పెట్టుకుని ఎక్కి, కూర్చుంది. ఇంటికొచ్చి కత్తెర తీసి అంచు కత్తిరించింది. ఎవరికి చెప్పుకోవాలి? లేపే మనిషి దిగుతోందని ఎవరికి చెప్పుకుంటుంది? కాంపౌండరుకి చెబితే వాడి ధైర్యం పోతుంది. కూతురికి చెబితే ఆ పిల్ల మళ్ళీ అలా చూస్తుంది. చెప్పకపోతే లోపల కుళ్ళుతుంది. కుళ్ళింది. ఒక మధ్యాహ్నం, నరాలు పీకే వేళకి, సొరుగులోకి కొత్త దగ్గుమందు సీసా వచ్చింది.

ఈసారి దిగడం ఎంత జోరుగా సాగిందంటే, కత్తిరించిన గుడ్డకి జేబులు చాల్లేదు. సభలకి పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించింది. పొట్టి స్టూలు మీద కూర్చునే ఉండేది. తొడల దాకా గచ్చులో. మిషను తొక్కడానికి కాళ్ళు పెడలు దాటి ఎక్కడికో పోయాయి, చేత్తో చక్రం తిప్పి కుట్టేది. కూతురికి అంతా తెలుసు. వంట చేసి, కంచం అందేలా బల్ల మీద పెట్టి, తనో కంచం పెట్టుకుని తినేది. తల్లి తల ఇప్పుడా పిల్ల మోచేతి దాకా వస్తోంది.

ఒక సెలవురోజు ఎండపూట డ్రైవరు భార్య చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"వదినా, లేవే! గడ్డం దాకా దిగిపోయాడు. నెల నించీ దిగుతున్నాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు, నీ పేరు చెడుతుందట. చేతులు కూడా లోపలికి పోయాయి. నువ్వొక్కసారి వచ్చి మాట్లాడు. నీ మాటకే కదా లేచాడు!"

టైలరమ్మ కదల్లేదు. నేను రాలేనని చెప్పడానికి నోరు తెరిచింది. నోట్లోంచి వాసన ముందొచ్చింది.

డ్రైవరు భార్య వంగి, మిషను కిందికి చూసింది. కాళ్ళు ఉండాల్సినచోట గచ్చుంది.

"నువ్వూనా" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ మొహంలో ఆశ ఆరిపోవడం కళ్ళారా చూడడం కన్నా తిట్టు నయం. వచ్చినంత వేగంగానే వెనక్కి పరిగెత్తింది, మొగుడి ముక్కు ఇంకా పైన ఉండగా చేరాలని.

వెనకాల కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. కొట్టు తలుపు రెండో రెక్క కూడా తీసి, గోడకి ఆనించింది.

టైలరమ్మ స్టూలు దిగింది. దిగగానే తొడలు దాటి పోయింది. రోడ్డు మీదికొచ్చింది, తారులో ఈదుతున్నట్టు చేతులతో గాలి తోసుకుంటూ. లంగా చుట్టూ గుండ్రంగా పరుచుకుని వెంట ఈడ్చుకొస్తోంది. ఎండకి జనం అరుగుల నీడల్లో ఉన్నారు, అందరూ చూశారు. కూరల బండివాడు తూకం ఆపాడు. "లేపే తల్లి కదూ ఆవిడ?" అన్నారెవరో. ఇంకెవరో నవ్వారు. ప్లీడరు కారు ఎదురొచ్చి, పక్కకి తిప్పుకుని పోయింది. కూతురు పక్కనే నడుస్తోంది. చెయ్యి అందివ్వలేదు. పట్టి లాగితే మనిషి ఇంకా కిందికి జారుతుందని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ గొడుగు విప్పి తల్లి తల మీద పట్టింది, అంత కిందికి, నడుం వంచి.

డ్రైవరింటి హాల్లో కాంపౌండరూ, లిఫ్టు మెకానిక్కూ ముందే ఉన్నారు. ఆమెని చూసి లేచి నిలబడ్డారు. మళ్ళీ చూసి, కూర్చున్నారు. గట్టు ఎప్పుడో మునిగిపోయింది. హాలు మధ్యలో గచ్చు మీద ఒక తల. గడ్డం కనపడ్డం లేదు. కింది పెదవికి గచ్చు తగులుతోంది. మీసాల నిండా దుమ్ము. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడ్డం లేదు. భార్య ఆ తల పక్కన బోర్లా పడుకుని అట్టముక్కతో విసురుతోంది.

"మాట్లాడండమ్మా, ఏదైనా చెప్పండి" అన్నాడు కాంపౌండరు ఏడుపు గొంతుతో. "మీరు చెబితే..."

ఏం చెబుతుంది? పట్టుదల ఉండాలనా? ఆమె దగ్గర మాటల మూటే ఒకటుండేది, అది మైకు ముందు విప్పి విప్పి ఖాళీ అయిపోయింది. నడుం గచ్చుకి తగిలింది. ఇక ఇక్కడినించి కదలలేదు. ఆయన పోతాడు, తను ఇక్కడే చూస్తూ ఉంటుంది, తర్వాత తనూ పోతుంది. పక్కపక్కన రెండు చోట్లు. ఈ పిల్ల ఏం పెట్టుకోవాలో వెతుక్కుంటుంది. కడుపులోంచి వణుకు మొదలై పళ్ళ దాకా వచ్చింది. పొద్దున తాగింది దిగిపోయింది. ఆ వణుకులో, ఆ సిగ్గులో, పక్కన కూతురు ఉండగానే, ఆమెకి ఒక్కటే కావాలనిపించింది, ఆ ఇంట్లో ఎక్కడైనా సీసా ఉంటే బాగుండునని. ఆయన ప్రాణం కన్నా ముందు అదే కావాలనిపించింది.

ముందుకి వంగి, చెంప గచ్చుకి ఆనించి, ఆయన కళ్ళకి ఎదురుగా మొహం పెట్టింది.

"డ్రైవరుగారూ. నేను మిమ్మల్ని లేపడానికి రాలేదు. నా వల్ల కాదు. ఎవరినీ నేను లేపలేదు, అదంతా ఒట్టిది. ఇవాళ తాగాను. నిన్న తాగాను. ఇప్పుడు కూడా కావాలి, ఇక్కడే ఎక్కడైనా ఉందేమోనని చూస్తున్నాను. మీరు పోతున్నా నాకదే ధ్యాస. ఈ సాయంత్రం దాకా నేనాగలేను. ఎలా ఆగాలో నాకు తెలీడం లేదు. మీరేదైనా చెప్పండి. నా కోసం చెప్పండి అన్నయ్యా."

చచ్చిపోతున్నవాణ్ణి పట్టుకుని సాయమడుగుతోంది. డ్రైవరు భార్య అట్టముక్క ఎత్తింది, కొట్టేదేనేమో.

డ్రైవరు కళ్ళు కదిలాయి. ఎక్కడో దూరం నించి వచ్చి ఆమె మొహం మీద ఆగాయి. పెదవులు విప్పబోతే నోట్లోకి సిమెంటు పొడి వచ్చింది. మాట్లాడాలంటే నోరు ఖాళీ ఉండాలి. తల కాస్త వెనక్కి వాల్చాడు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. గడ్డం గచ్చులోంచి బయటికొచ్చింది. తుపుక్కున ఉమ్మాడు.

"వంటింట్లో... పప్పుల డబ్బా వెనక ఉంది" అన్నాడు. "లేదని అబద్ధమాడితే నమ్మవు. నేనూ నమ్మేవాణ్ణి కాను."

"ఊఁ."

"కాంపౌండరూ, అది తీసి తూములో పొయ్యి. వాసన ఇటు రానీకు." కాంపౌండరు లేచాడు. "టైలరమ్మా, ఇటు చూడు. వంటింటి వైపు కాదు, నా వైపు. చేతులు వణుకుతున్నాయా?"

"ఆగడం లేదు."

"నాకైతే ఘాటురోడ్డు దిగేటప్పుడు వణికేవి. బస్సునిండా జనం. ముందు సీట్లో ఒక ముసలావిడ కూర్చుని, నాయనా, చలేస్తోందా అని తన శాలువా తీసి నా భుజాల మీద కప్పింది. తాగుడు వణుకని ఎలా చెప్పను? వెచ్చగానే ఉందమ్మా అన్నాను. ఆ శాలువా ఈ రోజుకీ... ఇదిగో, వింటున్నావా?"

"వింటున్నాను."

"వినకపోతే నేను చెప్పడం దండగ. ఆ మలుపు దాటాక ఏమైందంటే..."

చెప్పుకుంటూ పోయాడు. గొంతు గరగరలాడుతూ, మధ్యలో దగ్గుతూ, ఒక మలుపు తర్వాత ఇంకో మలుపు. ఆమె మొహం వాడిపోయినప్పుడల్లా "నా వైపు చూడు" అని గదిమాడు. ఆమె కోసం వెతికి వెతికి ఒక్కో సంగతి బయటికి లాగాడు. కిటికీలో ఎండ గోడెక్కింది. మెడ వచ్చిందని గాని, భుజాల వంపు కనపడుతోందని గాని ఆయన చూసుకోలేదు. కూతురు తల్లి వెనకాల గచ్చు మీద చతికిలబడి గొడుగు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. తల్లి ఇంకా నడుం దాకానే ఉంది, లేవలేదు. దిగడం మాత్రం ఆగింది.

"నోరెండిపోయుంటుంది దానికి. మంచినీళ్ళు తెచ్చియ్యి" అన్నాడు డ్రైవరు తన భార్యతో. ఆ ఇంట్లో ఆయన ఇంకొకరి కోసం ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలియాలి.

ఆవిడ గ్లాసు తెచ్చి టైలరమ్మ చేతుల్లో పెట్టింది. చేతులు నిలవడం లేదు. నీళ్ళు ఒలికి గచ్చు మీద పడ్డాయి, గ్లాసు పళ్ళకి కొట్టుకుంది, మళ్ళీ ఒలికింది. అప్పుడు ఆయన భుజం పక్కన గచ్చు కాస్త చిట్లినట్టయి, ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి బయటికొచ్చాయి, తెల్లగా, సిమెంటు దుమ్ముతో. అది తడుముకుంటూ వచ్చి గ్లాసు అడుగు పట్టుకుని కదలకుండా నిలిపింది. టైలరమ్మ తాగింది.

డ్రైవరు భార్య ఆ చేతిని గబుక్కున అందుకుని పైకి లాగబోయింది. ఆగిపోయింది. అది పనిలో ఉంది.